భుజం మాస్టారి మూడు వేళ్లు

వైద్య కళాశాలలో శరీర నిర్మాణం బోధించే ఆ లెక్చరరుకి భుజం మాస్టారని పేరు పడిపోయింది. తల నుంచి కాలిగోటి దాకా పాఠం చెప్పగల మనిషే. అయినా దేవుడు మనిషికి భుజం ఒక్కటే పెట్టాడన్నట్టు దాని వెంటే పడ్డాడు. భార్య దండెం మీద తడిబట్టలు ఆరేస్తుంటే, ఏ కండ ఎలా లేచిందో పక్కన నిలబడి చెప్పేవాడే తప్ప, బకెట్టు అందుకున్న పాపాన పోలేదు.

చదువుకునే రోజుల్లో ఆపరేషన్ గదిలో రక్తం చూసి ఆయన గుడ్లు తేలేసి పడిపోయాడు. ఆ సంగతి మింగేసి, "నాకు పరిశోధన మీద మక్కువ" అని చెప్పుకుంటూ శవాలు కోసే హాలులో చేరాడు. అక్కడివాళ్లకి రక్తం కారదు, నొప్పనరు, ఎదురు ప్రశ్న వెయ్యరు. ఆయనకి అతికినట్టు సరిపోయింది.

భుజం ఎముక అంచుకి దిగువన, కండ చాటున ఒక నరం అడ్డంగా పోతుంది. అది తెగితే చెయ్యి పక్కకి లేవదు. మాస్టారు ఏళ్ల తరబడి భుజాలు విప్పి, కొలిచి, ఎముక అంచు నుంచి మూడు వేళ్ల లోపు ఎక్కడ కోసినా భయం లేదని తేల్చాడు. అది పెద్ద పత్రికలో అచ్చయింది. అప్పట్నుంచీ ఆసుపత్రిలో సర్జన్లు మూడు వేళ్లు ఆనించి, "ఇదీ మాస్టారి గీత" అనుకుంటూ కోసేవారు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు.

అలా ఉండగా, మాస్టారి బావమరిది, షాపులకి బోర్డులు రాసేవాడు, నిచ్చెన మీంచి జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. మాస్టారి దగ్గర చదువుకున్న అమ్మాయే ఆపరేషన్ చేసింది. ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం లేవలేదు.

"ఎలా కోశావమ్మా?" అని మాస్టారు ఆ అమ్మాయిని పక్కకి పిలిచి అడిగాడు.

"ఎప్పట్లాగే సార్. చెయ్యి పక్కకి ఎత్తి బల్ల మీద పెట్టించాను. మీరు చెప్పినట్టే మూడు వేళ్లు కొలుచుకున్నాను."

ఎత్తి. మాస్టారు ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. శవాలన్నీ చేతులు ఒంటికి చేర్చుకుని బిగుసుకుపోయి ఉంటాయి. ఆయన కొలిచినవన్నీ అలాంటివే. బతికున్నవాళ్లని ఎలా పడుకోబెడతారో చూద్దామంటే ఆపరేషన్ గది గడప తొక్కడు. హాలుకి పోయి, ఒక శవం భుజం చుట్టూ పట్టు సడలించి, చెయ్యి మెల్లగా పైకెత్తాడు. ఎత్తినకొద్దీ నరం ఎముక వైపుకి జరిగింది. మూడు వేళ్ల లోపలికి వచ్చేసింది. ఇంట్లో రోజూ దండెం దగ్గర లేచే చెయ్యి చూస్తూ కూడా ఆయనకి తట్టలేదు.

మర్నాడు పెద్ద సర్జను గదిలో విచారణ పెట్టారు. మాస్టారినీ పిలిచి కూర్చోబెట్టారు.

"గీత దాటావా?" అని ఆ అమ్మాయిని అడిగాడు పెద్ద సర్జను.

"దాటలేదనే అనుకున్నాను సార్. దాటే ఉంటాను. లేకపోతే నరం ఎందుకు తెగుతుంది?"

"కొన్నాళ్లు కత్తి పక్కన పెట్టు."

మాస్టారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చాక ఆ అమ్మాయి, "మీ గీతకి చెడ్డపేరు తెచ్చాను సార్," అంది. ఆయన ఫరవాలేదన్నట్టు తలూపాడు. చూడండి ఆ పెద్దమనిషి తరహా.

ఇంటికొస్తే బావమరిది కుర్చీలో చేరగిలబడి ఉన్నాడు.

"బావా, నీ శిష్యురాలు ఎముక అతికించి చెయ్యి చంపేసింది. ఇక బోర్డులు రాయాలంటే మరుగుజ్జుల షాపులు వెతుక్కోవాలి నేను."

"నవ్వులాటా నీకు?" అంది మాస్టారి భార్య. "దాని చేతులు పడిపోను. ఎవరిచ్చారండీ దానికి డిగ్రీ?"

"పొగరు. కళ్లు నెత్తికెక్కి కోసుంటుంది," అన్నాడు బావమరిది.

"ఈ కాలం పిల్లలకి నిదానం లేదు," అన్నాడు మాస్టారు. అనేసి, బావమరిది భుజం వైపు చూడకుండా లోపలికి పోయాడు.

తెల్లారి ఆసుపత్రికి వెళ్లేసరికి ఇంకో భుజం ఆపరేషన్ ఉందని తెలిసింది. పెద్ద సర్జనే చేస్తున్నాడట. మాస్టారు గౌను కట్టుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లాడు. బల్ల మీద ఎవరో ముసలాయన మత్తులో ఉన్నాడు. చెయ్యి పక్కకి ఎత్తి ఉంది. పెద్ద సర్జను మూడు వేళ్లు ఆనించాడు.

"ఆగండి," అన్నాడు మాస్టారు. "ఆ అమ్మాయి గీత దాటలేదు. గీతే తప్పు. చెయ్యెత్తితే నరం పైకి వస్తుంది. నేను దించిన చేతులే కొలిచాను."

పెద్ద సర్జను ఆనించిన వేళ్లు తీశాడు.

"మరి ఎక్కడిదాకా కొయ్యొచ్చు?"

"చెయ్యి ఒంటికి చేర్చి కొయ్యండి. ఎత్తితే ఎంతో నాకు తెలీదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొన్న."

పెద్ద సర్జను ఆయన వైపు చూడకుండానే, "ఆ అమ్మాయిని లోపలికి రమ్మనండి," అని నర్సుతో చెప్పాడు. మాస్టారు ఆ అమ్మాయి రాకముందే బయటపడ్డాడు. కళ్లు తిరుగుతున్నాయని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆ రోజు కళ్లేమీ తిరగలేదు.

ఇంటికొచ్చి బావమరిదికి అంతా చెప్పాడు. భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

బావమరిది లేవని చేతిని రెండో చేత్తో ఒళ్లోకి లాక్కున్నాడు. తరవాత అన్నాడు: "చెయ్యి పోయిందంటే సరే బావా, తెలియక జరిగింది. రాత్రి నేను ఆ పిల్లని తిడుతుంటే వంత పాడావే, అది తెలిసే కదా."

లేవబోతున్న మాస్టారిని బావమరిది ఆపాడు.

"ఆ పిల్లకి ఫోన్ కలుపు. నీ కోసం కాదు, నాకే పనుంది ఆ పిల్లతో."

ఆయన నంబరు కలిపి ఇచ్చి పక్కగదిలోకి పోయాడు. తలుపు వేసుకున్నా మాటలు వినబడుతూనే ఉన్నాయి. "అమ్మా, నేను పెయింటర్ని. నిన్ను అనరాని మాటలన్నానమ్మా. నువ్వు వినలేదు, అయినా చెప్పుకోవాలి కదా. తప్పయిపోయింది, ఏమనుకోకు."

ఆ ముక్క తను ఆ అమ్మాయితో ఇంకా అనలేదని మాస్టారికి అప్పుడు తట్టింది.