జుబైల్ నుంచి ఖమీస్ దాకా, ఒక గడ్డం కోసం

జుబైల్‌లోని మా క్యాంపులో, సౌదీ తూర్పు తీరాన, ఒక శుక్రవారం ప్రార్థన ముగిశాక ఈ ప్రయాణం మొదలైంది. తొమ్మిదిమంది తెలుగు క్రైస్తవులం వారం వారం ఒక గదిలో కూడి, బయటికి వినపడకుండా గొంతు తగ్గించి పాటలు పాడుకుంటాం. ఒకరికి మంచి గొంతుంది, ఒకరు వాక్యం చెబుతారు, ఫోర్‌మన్ భూషణం గారు ప్రార్థన చేస్తే కన్ను తడవనివాడుండడు. నేను పైపులతో పరంజాలు బిగించే స్కాఫోల్డింగ్ పనివాణ్ణి. నాకు పాట రాదు, నలుగురిలో నోరు పెగలదు. చాపలు పరిచి, అయ్యాక మడతపెడతాను. దేవుడికివ్వడానికి నా దగ్గర ఏమీ లేదన్న వెలితి పదకొండేళ్ళుగా నాతోనే ఉంది.

ఆ రోజు దక్షిణాన కొండల్లో ఉన్న ఖమీస్ ముషైత్ నుంచి నర్సు సలోమి అక్క భూషణం గారికి ఫోన్ చేసింది. రాజంపేట వైపు పెద్దాయన యేసురత్నం గారు పక్షవాతంతో నాలుగు నెలలుగా వాళ్ళ ఆసుపత్రిలో ఉన్నారు. కాగితాలన్నీ అయ్యాయి, వచ్చే శనివారం ఊరికి పంపాలి. మూతి వంకర తిరిగిన రోజు నుంచి ఆయన గడ్డం ముట్టుకోనివ్వడం లేదు, భార్యకు వీడియోలో కనపడడం లేదు.

“ఈ మొహం పెట్టుకుని ఇంటికి పోనంటున్నారు బ్రదర్,” అంది అక్క స్పీకర్లో.

ఒకరు బట్టలు పంపుతామన్నారు, ఒకరు ఖర్జూరాలు. నేను ఎప్పుడు నోరు తెరిచానో నాకే తెలియదు. “నేను వెళ్తానండి. నాకు క్షవరం వచ్చండి.”

అందరూ నా వైపు తిరిగారు. మా నాన్న కోనసీమలో ఆ పనే చేసేవాడు. పదహారేళ్ళ దాకా నేనూ ఆయన పక్కన కత్తెర పట్టినవాణ్ణే. ఆ పని పేరుతో పిలిపించుకోలేక ఊరు వదిలాను. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

“బ్లేడు మాత్రం తేవద్దు తమ్ముడూ. రక్తం పలచబడే మందు వాడుతున్నారు, చిన్న గాటు పడినా ఆగదు,” అని హెచ్చరించింది అక్క.

శుక్రవారం ఎలాగూ సెలవే, ఇంకో మూడు రోజులు దొరికాయి. గురువారం ఉదయం ఆరింటికి తెలిసిన డ్రైవర్ కారులో బయలుదేరి ఏడున్నరకు దమ్మామ్ రైల్వే స్టేషన్ చేరాను. తనిఖీ దగ్గర గార్డు నా సంచిలోంచి కత్తెర, దువ్వెన, మెషిన్ తీసి చూశాడు.

“హలాక్?” అన్నాడు. మంగలివా అని.

“ఐవా,” అన్నాను. అవును అన్న ఆ ఒక్క మాటకు చెవులు వేడెక్కాయి. అతను సంచి మూసి ఇచ్చేశాడు.

రైలు రియాద్‌కు దాదాపు నాలుగు గంటలు. వెళ్ళేవాళ్ళు కిటికీ సీటు అడగండి. హుఫూఫ్ దగ్గర ఖర్జూర తోటలు కనిపిస్తాయి, ఆ కాస్త పచ్చదనం తర్వాత అంతా ఇసుకే. రియాద్ బస్టాండులో అన్నం, పప్పు తిని మూడింటి ఖమీస్ బస్సెక్కాను. బస్సులో ఏసీ గట్టిగా వేస్తారు, దుప్పటి చేతిలో ఉంచుకోవాలి. నా పక్కన కూర్చున్న బంగ్లాదేశ్ ఎలక్ట్రీషియన్ తన రొట్టె సగం తుంచి ఇస్తూ, ఖమీస్‌లో ఏం పని అనడిగాడు. ఒకాయనకు గడ్డం చెయ్యాలన్నాను. నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపి, “ఇత్నీ దూర్?” అన్నాడు, ఇంత దూరమా అని.

శుక్రవారం తెల్లవారి అయిదున్నరకు ఖమీస్‌లో దిగాను. చుట్టూ కొండలు, సన్నటి జల్లు, చలి. ఫ్యాక్టరీల గాలికి అలవాటు పడ్డ ముక్కుకు ఆ తడి గాలి తగలగానే మా కాలవ గట్టు గుర్తొచ్చి కాసేపు బస్టాండు మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఊరు వెళ్ళి మూడేళ్ళు దాటింది.

తొమ్మిదింటికి సలోమి అక్క వార్డులోకి తీసుకెళ్ళింది. యేసురత్నం గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు.

“వందనాలండి బాబాయ్ గారండి. జుబైల్ నుంచి వచ్చానండి, మీ గడ్డం కోసం.”

“పో నాయనా.” మాట ముద్దగా ఉంది. “చేస్తే వంకర పోతాదా?”

అబద్ధం చెప్పలేకపోయాను. “పోదండి. మీసం కుదిరితే అంతగా కనపడదండి. మా నాన్న ఒకాయనకి అలాగే చేసేవాడండి.”

ఆయన మెల్లగా ఇటు తిరిగారు.

గోరువెచ్చని నీళ్ళలో తువ్వాలు ముంచి గడ్డం నానబెట్టాను. పదకొండేళ్ళు పైపులు బిగించిన వేళ్ళు మొదట మాట వినలేదు. రెండుసార్లు ఆగి, చేతులు దులుపుకుని మళ్ళీ మొదలుపెట్టాను. దువ్వెన మీద కత్తెర ఆడిస్తూ చర్మం దాకా వచ్చి, చివర మెషిన్ పెట్టాను. గంటన్నర పట్టింది. ఒక్క గాటు పడలేదు. మీసం ఎడమ కొస ఒత్తుగా, కాస్త కిందికి వదిలి, కుడివైపు పలచన చేశాను. వంకర మీసం నీడలోకి వెళ్ళింది.

అక్క ఫోన్ కెమెరా తిప్పి చూపించింది. ఆయన కుడిచేత్తో మీసం తడుముకున్నారు.

“మార్తమ్మకు ఫోన్ చెయ్యి,” అన్నారు.

తెర మీద భార్య కనిపించింది. ఆమె ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. తర్వాత, “ఏమయ్యా, ఇంత బాగుండి నాలుగు నెల్లు నన్నేడిపిస్తివే! బిరీన రాయ్యా,” అంది.

“వచ్చాండాలే,” అన్నారు ఆయన. కన్నీళ్ళు మీసంలోకి దిగాయి.

పక్క మంచం మీద కాలు విరిగిన హైదరాబాదు డ్రైవర్ రహీం భాయ్ ఇదంతా చూస్తున్నాడు. “అన్నా, ఇయ్యాల జుమ్మా. నాగ్గూడ జర సాఫ్ చేస్తవా?” అన్నాడు. చేశాను. మధ్యాహ్నం నమాజు వేళకు ఇంకో ఇద్దరికి కూడా చేశాను.

సాయంత్రం యేసురత్నం గారు పిలిచి, “ప్రార్థన చెయ్యి నాయనా,” అన్నారు. “ప్రభువా, ఈయన్ని ఇంటికి చేర్చండి,” అని ఆగిపోయాను. ఆయనే ఆమేన్ అని, నా చెయ్యి పట్టుకున్నారు.

“నువ్వెప్పుడు పోతావు ఇంటికి?”

“తెలీదండి. పని అయ్యాక, వీసా ఇచ్చిన కఫీల్ సెలవిస్తేనండి.”

ఆయన చెయ్యి వదల్లేదు.

శనివారం ఎనిమిదింటికి అంబులెన్సు ఆయన్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. నేనూ ఎక్కేస్తే బాగుండుననిపించింది. పదింటి బస్సులో రియాద్ వచ్చి, స్టేషన్ దగ్గర గదిలో పడుకుని, ఆదివారం ఉదయం రైలెక్కాను. ఖమీస్ దగ్గర చూడదగ్గ కొండలు, కోతుల గుంపులు ఉన్నాయట. నేనేవీ చూడలేదు. అయినా ఇన్నేళ్ళ సౌదీలో నేను నిజంగా ఎక్కడికైనా వెళ్ళానంటే ఈ ఒక్కసారే.

హుఫూఫ్ దాటాక అక్క మెసేజ్ వచ్చింది. ఆయన చెన్నైలో దిగారు. మార్తమ్మ విమానాశ్రయానికే వచ్చింది.

ఎదుటి సీటులోని పాకిస్తానీ పెద్దాయన నా మొహం చూసి, “కహాఁ సే ఆ రహే హో, బేటా?” అని, ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగాడు.

ఖమీస్ అనబోయి, “ఘర్ సే,” అనేశాను, ఇంటి నుంచని.

ఇంట్లో అందరూ బాగున్నారా అనడిగాడు ఆయన. బాగున్నారన్నాను.