నీళ్లు పోసిన ఇనుము

పదకొండేళ్లుగా ఒక మనిషి తన చేతిని తాను నమ్మడం లేదు. తప్పు ఆ చేతిది కాదు, నాది. పోయిన నెల దాకా ఈ సంగతి నాకొక్కడికే తెలుసు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక అనుకొని మొదలుపెట్టాను. తేలికగా లేదు.

నంద్యాలలో నాకొక మెకానిక్ షెడ్డు ఉంది. పాత టూ-స్ట్రోక్ బండ్లను రాళ్ల పోటీలకు తయారు చేస్తానని చుట్టుపక్కల కొంచెం పేరుంది. ఆ పోటీ చూడనివాళ్లకు చెప్పాలంటే, అది వేగం పోటీ కాదు. గుట్ట మీద బండరాళ్ల మధ్య రిబ్బన్లు కట్టి దారి చూపిస్తారు. మనిషి నడిచేంత నిదానంగా, కాలు కింద ఆనకుండా బండిని ఎక్కించాలి. కాలు ఆనితే మార్కు పోతుంది. అంతే పోటీ. చూసేవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూస్తారు.

దానికి బండిని చాలా మార్చాలి. నిలబడే నడపాలి కాబట్టి సీటు తీసేస్తాం. వెనక పళ్లచక్రం పెద్దది వేస్తాం. నిదానంలో ఇంజను ఆగిపోకుండా ఇంజను పక్కన తిరిగే మాగ్నెట్ చక్రానికి ఇనుప వలయం బిగించి బరువు పెంచుతాం. అన్నిటికన్నా ముఖ్యం ఫుట్‌రెస్టులు. వాటిని వెనక్కీ కిందికీ జరిపి కొత్తగా వెల్డింగ్ చేయాలి. నడిపేవాడి ఒళ్లంతా ఆ రెండు ముక్కల మీదే ఉంటుంది.

నా బండ్లలో మంచిదాన్ని నడిపినవాడు ఆళ్లగడ్డ మనిషి. వీరాచారి అంటాను, అసలు పేరు కాదు. రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు వాళ్లది. నాకంటే ఆరేళ్లు చిన్న. బండరాయి మీద చక్రానికి యాడ పట్టు దొరుకుతుందో యాడ జారుతుందో చూసీచూడగానే చెప్పేవాడు. రాయి సంగతి వాడికి తెలిసినట్టు నాకు ఇనుము సంగతి తెలిస్తే ఈ కాగితం రాసే పని ఉండేది కాదు. కాదు, ఇది కూడా అబద్ధమే. నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఆ యేడు పోటీకి ముందురోజు వాడి బండికి కుడి ఫుట్‌రెస్ట్ పట్టీ కొత్తగా వేశాను. జీపు కింద స్ప్రింగులా ఉండే కమాను పట్టీలోంచి కోసిన ముక్క. మామూలు ఇనుము కన్నా గట్టిది. కానీ దానికి వెల్డింగ్ చేశాక నిదానంగా ఆరనివ్వాలి. వేడి బూడిదలో కప్పిపెట్టి పూటంతా కదిలించకూడదు. నీళ్లు పోస్తే గాజులా అవుతుంది, చూడటానికి గట్టిగానే ఉంటుంది, దెబ్బ తగిలితే ఫట్‌మని విరుగుతుంది. నా షెడ్డులో పనిచేసే వాళ్లకు ఇది నేనే నేర్పాను.

ఆ మధ్యాహ్నం బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చారు. పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు. నా పని చూడాలని, ఫోటోలు తీసుకోవాలని వచ్చారు. వీరాచారి బండి స్టాండు మీద ఉంది, పట్టీ ఎర్రగా కాలుతోంది. వాళ్లకు తిరిగి పోయే తొందర. నాకు ఆ బండిని బయటికి తీసి, ఎండలో నిలబెట్టి చూపించాలని ఆశ. ఇంకెవరి బండి అయినా చూపించొచ్చు కదా అని ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. వేరేవి అంత బాగుండవు. అదే జవాబు. చెంబుతో నీళ్లు తీసుకొని పట్టీ మీద పోశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆవిరి లేచింది. ఆ ఆవిరిని కూడా వాళ్లు ఫోటో తీశారు.

సాయంత్రం వీరాచారి బండికోసం వచ్చాడు. ఉలిమొనలు కాల్చి నీళ్లలో ముంచి గట్టిచేసుకునే పని వాడికి చిన్నప్పటినుంచీ అలవాటు. వంగి పట్టీని చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఏందన్నా, నీళ్లు పోసినావా దీనికి?"

"లేదప్పా. బూడిదలోనే పెట్టినా."

"ఖంగుమంటాంది. కొత్త ఉలి మాదిరి."

"నువ్వు రాళ్లు చూసుకోప్పా. ఇనుము నాకిడిసిపెట్టు."

వాడు నవ్వాడు. "సరేలే, ఇనుము నీదే. దాని మీద నిలబడేది మాత్రం నేను" అన్నాడు. బండి స్టార్ట్ చేసుకొని పోయాడు.

ఆ ఒక్కమాట దగ్గర నేను ఆగి ఉండొచ్చు. ఉండప్పా, కోసేసి ఇంకోటి వేస్తా అని ఉంటే గంటన్నర పని, రాత్రంతా బూడిదలో ఆరేది. ఎందుకు అనలేదు? వాడు నన్ను పట్టేశాడని కోపం వచ్చింది. రాళ్లు కొట్టేవాడు నాకు ఇనుము గురించి చెప్పడమా అనుకున్నాను. అంత చిన్న సంగతి.

మరుసటి రోజు పొద్దున గుట్ట మీద వాడు మూడో దారిలో ఉన్నాడు. రెండు బండల మధ్య సందు దాటి పై రాయి ఎక్కాలి. ముందు చక్రం ఎక్కింది. వెనక చక్రం ఎక్కడానికి ఒళ్లు బరువంతా కుడికాలి మీద వేశాడు. పట్టీ విరిగింది. ఆ చప్పుడు చిన్నది, దగ్గరున్న నాకు వినపడింది. వాడు కుడివైపు ఒరిగాడు, ఒరుగుతూ పట్టుకోసం హ్యాండిల్‌ను బిగించాడు, దాంతో యాక్సిలరేటర్ తిరిగి ఇంజను అరిచింది. ఆ అరుపు అందరికీ వినపడింది. బండి వాడి చేతిమీద పడింది.

అందరికంటే ముందు నేనే చేరాను. బండి లేపాను. విరిగిన చోట ఇనుము చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. చూడగానే నీళ్ల పనేనని తెలిసింది. జనం వచ్చేలోపు ఆ ముక్కను జేబులో వేసుకున్నాను. "పడినప్పుడు రాయి తగిలి ఫుట్‌రెస్ట్ విరిగింది" అని అన్నాను. ఎవరూ అడగకముందే అన్నాను. ముందు జరిగినదాన్ని వెనక్కి, వెనక జరిగినదాన్ని ముందుకి మార్చాను. నేను చేసింది అంతే. ఇంజను అరుపు విన్నవాళ్లంతా వీరాచారి బెదిరి రేజు ఎక్కువ ఇచ్చాడన్నారు. నేను తల ఊపాను.

ఆస్పత్రిలో మణికట్టుకు ప్లేటు వేశారు. పక్కన కూర్చొని నేనే చెప్పాను, చివర్లో రేజు ఎక్కువ ఇచ్చినావప్పా అని. వాడు పైకప్పు చూస్తూ, అవునన్నా, చేయి ఆగలేదు అన్నాడు. వాడు ఇయ్యలేదు. ఇచ్చినట్టు వాడికి నేను నేర్పాను.

మణికట్టు అయిదారు నెలల్లో బాగైంది. డాక్టరు పని చేసుకోవచ్చన్నాడు. ఉలి పట్టాడు. పీఠాలు చెక్కాడు, ఆభరణాలు చెక్కాడు. కానీ విగ్రహానికి చివర చేసే పని, కళ్లు, వాడు ముట్టలేదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే నెలల పని పోతుంది. ఆ దెబ్బ తమ్ముడికి వదిలేశాడు. నేను అడిగితే, "కడాకు వచ్చేకొద్దీ నా చేయి మాట వినదన్నా. బండి మీద చూసినాం గదా" అనేవాడు. చూసినాం అనేవాడు. నేను సాక్షిని.

రెండు మూడు నెలలకొకసారి ఆళ్లగడ్డ పోయేవాణ్ణి. వాళ్లింట్లో టీ తాగేవాణ్ణి. వాడి భార్య నాకు కుర్చీ వేసేది. ఎందుకు పోయేవాణ్ణి? వాడు బాగున్నాడా అని చూడటానికి అనుకునేవాణ్ణి. వాడికింకా తెలియలేదని చూసుకోవడానికి పోయానేమో. ఇప్పటికీ తేల్చుకోలేను. ఈ పదకొండేళ్లలో నా షెడ్డులో వెల్డింగ్ మీద చుక్క నీళ్లు పడనివ్వలేదు. పనివాళ్లు అది నా గొప్ప అనుకున్నారు. అనుకోనిచ్చాను.

పోయిన నెల ఫోన్ చేశాడు. తమ్ముడికి కంట్లో శుక్లం, ఆపరేషన్ అయింది, ఇప్పట్లో పనిచేయలేడు. అహోబిలం దారిలో ఒక ఊరివాళ్లు నరసింహస్వామి విగ్రహం అడిగారు. మంచి రాయి, మొగం దాకా పని అయింది. కళ్లు తన వల్ల కాదని వాళ్లను పిలిచి చెప్పేస్తానన్నాడు. "ఇంక ఈ పని ఇడిసేస్తానన్నా. మొగానికి కళ్లు పెట్టలేనోడు శిల్పి యాడైతాడు" అన్నాడు. గొంతులో ఏడుపు లేదు. అదే నన్ను కూర్చోనివ్వలేదు.

మరుసటి రోజు పొద్దున బస్సెక్కాను. వాడు రాతిపొడి మధ్య కూర్చొని ఉన్నాడు. కుర్చీలో కూర్చోలేదు నేను. నిలబడే చెప్పాను. బెంగళూరు వాళ్లు, చెంబు, జేబులో వేసుకున్న ముక్క, ఆస్పత్రిలో చెప్పిన మాట. వరసగా, ఏదీ వదలకుండా.

వాడు ఒళ్లోని ఉలి పక్కన పెట్టాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"అయితే ఆ దినం నేను రేజు ఎక్కువ ఇయ్యలేదా?"

"లేదప్పా. పట్టీ విరిగినాకనే ఇంజను అరిసింది. నువ్వు సరిగ్గానే ఎక్కిస్తాంటివి."

కుడిచేతిని ఒళ్లో పెట్టుకొని చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"పదకొండేండ్లు మా ఇంట్లో టీ తాగినావు" అన్నాడు. తల ఎత్తకుండానే, "పో అన్నా. ఇంక రావద్దు" అన్నాడు.

వచ్చేశాను. విగ్రహం ఏమైందో నాకు తెలియదు. అడిగే హక్కు లేదు. ఆ ఊరివాళ్లను ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు, కానీ అది కూడా వాడి ఇంట్లోకి తొంగిచూడటమే అవుతుంది. క్షమించమని అడగలేదు, అడిగితే దానికి జవాబు చెప్పే బరువు కూడా వాడి మీదే పడుతుంది కదా.

వాడికి చెప్పాక ఇంకా ఎందుకు రాస్తున్నాను? ఆ పొద్దున గుట్ట మీద చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు వీరాచారి కథ చెప్తారు, బెదిరి రేజు ఇస్తే ఏమవుతుందో చూడండని. నా షెడ్డులోనే ఆ కథ విన్నాను, చేతిలో స్పానరు పట్టుకొని. వాళ్లలో ఎవరికైనా ఈ కాగితం దొరికితే ఇకనుంచి కథ ఇలా చెప్పండి. బండి నడిపినవాడు తప్పు చేయలేదు. బండి తయారు చేసినవాడు చేశాడు. చేసి, దాచాడు. వాడు నంద్యాలలో ఇంకా షెడ్డు నడుపుతున్నాడు.

రాశాను. చేయి వణకలేదు.