ఎర్ర అక్షరం ఉన్న డబ్బా

డబ్బా ఒక చెవి మా కాలేజీ అమ్మాయి చేతిలో ఉంది, అడుగు భాగం ఒక ముసలామె ఒడిలో ఉంది. ఇద్దరిలో ఎవరూ వదలడం లేదు.

"మీ సంచి నింపుకోటానికి మా ఇంట్లో సామానే కావాల్సొచ్చిందా?" అని అరుస్తోంది ముసలామె.

"మామ్మగారూ, ఇది సముద్రంలో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ అండీ. మేం ఏరుతున్నది అదేగా!"

"కొట్టుకొచ్చి మూడు రోజులైంది. ఇసకేసి తోమాను, సబ్బేసి కడిగాను. ఇంకా సముద్రానిదేనంటే ఎట్టా?"

చీరాలలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసు చూసుకోవడం నా ఉద్యోగం. తుపాను వానలు వెలిసిన తర్వాతి ఆదివారం, వాడరేవు ఒడ్డు శుభ్రం చేయడానికి నలభై మంది పిల్లలను పంపుతూ వాళ్లకు తోడుగా నన్ను వెళ్లమన్నారు. పై ఊళ్ల డ్రైన్లు తెచ్చి పోసిందంతా సముద్రం మళ్లీ ఒడ్డుకే తెచ్చి పెట్టింది. చెప్పులు, చిప్స్ కవర్లు, సెలైన్ సీసాలు, మిరపకాయలు ఆరబోసే పట్టాల పీలికలు. పిల్లలు సంచుల్లోకి ఏరుతున్నారు. నేను ఇస్త్రీ చొక్కాతో పొడి ఇసుకలో నిలబడి, ఎవరూ నీళ్లలోకి దిగకుండా చూస్తున్నాను. పరాయివాళ్లు పారేసింది ఏరడం మా ఇంటా వంటా లేదని ఆ ఉదయమే ఒక అధ్యాపకుడితో అన్నాను కూడా.

తగవు తీర్చడానికి దగ్గరకు వెళ్లి, "వదిలెయ్ అమ్మాయ్" అన్నాను. ఆ అమ్మాయి వదిలేసింది. ముసలామె డబ్బాను తన వైపు తిప్పుకుంది. అప్పుడు కనిపించింది, దాని మీద ఎర్ర పెయింటుతో ఒక అక్షరం, చుట్టూ సున్న.

అది మా ఇంటిపేరు మొదటి అక్షరం.

తాతగారి రోజుల్లో మా గంగాళాల మీద, బిందెల మీద, పెళ్లి వంటల గుండిగల మీద ఆ అక్షరం కొట్టించేవారు. పేరు పడ్డ పాత్రకు చిల్లు పెట్టకూడదని, పాతబడితే అటక ఎక్కించాలే తప్ప పగలగొట్టకూడదని మా ఇంట్లో నియమం. పొలాలు పోయాయి, పాత్రలూ ఒక్కొక్కటిగా గడప దాటాయి. నాకు మిగిలింది పర్చూరు వైపు కాలువ గట్టున కాస్త మిరప చేను. పేరు వేయడానికి ఇత్తడి లేదు కాబట్టి, కొన్న పురుగుమందు డబ్బాల మీదే ఆ అక్షరం వేసేవాణ్ని. నా చేత్తోనే, రెండు పూతలు. కూలివాళ్లు మార్చేయకుండా అని చెప్పేవాణ్ని గాని, అసలు కారణం అది కాదు.

ఆ ఏడు నల్ల తామర పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టించాను. ఖాళీ అయిన డబ్బాను మూడుసార్లు కడిగి, చిల్లులు పెట్టి, పాతిపెట్టాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. మందు కొట్టే పెద్దాయన గునపం ఎత్తితే నేనే ఆపాను. "ఏమయ్యా, మా పేరు మీద గునపం దింపుతావా?" అన్నాను. "డబ్బాకి కూడా పేరేందయ్యగారూ!" అని నవ్వి, అన్నిటినీ కాలువ గట్టున వరసగా పెట్టి వెళ్లిపోయాడు. తుపాను రాత్రి గట్టు మునిగింది. మర్నాడు చేను చూసుకున్నాను. డబ్బాల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ తలుచుకోలేదు.

ఇప్పుడు ఆ డబ్బా నిండా మంచినీళ్లు ఉన్నాయి. పక్కన ఇసుకలో స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

"ఈ నీళ్లు ఎవరైనా తాగారా?" అని అడిగాను.

"ఇప్పుడేగా పంపు కాడ పట్టుకొచ్చింది. వల ఒడ్డెక్కితే అందరూ తాగుతారు."

కాస్త దూరంలో రెండు బారులుగా మనుషులు అలివి వల లాగుతున్నారు. మడమలు ఇసుకలో దిగేసి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తున్నారు. వల సంచి తెల్ల నురగలో అప్పటికే కనిపిస్తోంది.

"ఇది చేలో కొట్టే మందు డబ్బా. ఇందులో నీళ్లు తాగకూడదు."

"నీకెట్టా తెలుసు బాబూ? దీని మీద కాయితం కూడా లేదే."

నా పక్కన ఆ అమ్మాయి నిలబడి ఉంది. ఇంకో నలుగురు పిల్లలు సంచులు ఈడ్చుకుంటూ వచ్చి చేరారు. వాళ్లందరికీ నేను సార్‌ని. "వాసన చూడు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆమె మూత తీసి ముక్కు పెట్టింది. "సబ్బు వాసనొస్తంది. చొక్కా నలక్కండా నువ్వు ఆడ నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది?"

పిల్లలు నవ్వారు. అంతలో బారులో ముందున్న మనిషి తాడు పక్కవాడికి అందించి మా వైపు నడిచాడు. ఒళ్లంతా ఉప్పునీళ్లు. "అమ్మా, నీళ్లియ్యవే, నాలిక పిడచకట్టుకుపోయింది!"

ఆమె కొడుకు. ఆమె గ్లాసు నింపింది.

"అది నాది" అన్నాను.

"ఏందీ?"

"ఆ డబ్బా నాది. ఆ ఎర్ర అక్షరం నేను వేసిందే."

ముసలామె కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, ఈయన డబ్బా కోసం ఇంత దూరమొచ్చాడంట్రా! సముద్రంలో పడ్డదాని మీద కూడా పెద్దోళ్ల పేరే!"

"మీ డబ్బా మీరు తీసకపోండి సార్, ఎవరొద్దన్నారు? గుక్కెడు తాగనీండి" అని అతను గ్లాసు ఎత్తాడు.

నేను అతని మణికట్టు మీద కొట్టాను. గ్లాసు ఇసుకలో పడింది. మరుక్షణం నా కాలరు అతని పిడికిట్లో ఉంది.

"నీళ్ల కాడ చెయ్యి చేసుకుంటావా? ఎవడనుకుంటన్నావ్?"

అతని పిడికిలి నా గొంతుకు ఆనుతోంది. పిల్లలెవరూ కదల్లేదు. ఆ స్థితిలోనే చెప్పాను. "విషం. నా మిరప చేలో కొట్టించిన మందు. డబ్బాకి చిల్లు పెడతానంటే నేనే వద్దన్నాను. కాలువ గట్టున వదిలేయించాను. కొట్టుకొచ్చింది."

అతను వెంటనే వదల్లేదు. నా మొహం చూశాడు, తర్వాత కింద తడిసిన ఇసుక చూశాడు. అప్పుడు చెయ్యి తీశాడు.

"చిల్లు పెడితే ఏమయ్యేది?" అని అడిగింది ముసలామె. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"నువ్వు ఇందులో నీళ్లు పోసేదానివి కాదు."

ఆమె డబ్బా వంచి నీళ్లన్నీ ఒలకబోసింది. "ఇట్టాంటివి ఎన్ని?"

"పదకొండు."

"పద" అంది.

గుడిసెల వరస వెంట ఆమె ముందు నడిచింది. ప్రతి వాకిట్లో కేకేసి పిలిచి, నన్ను చూపించి, "ఈయన డబ్బాలంట, మందువంట, చెప్పించుకోండి" అంది. ప్రతిచోటా నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఒకదాంట్లో ఉప్పు పోశారు. ఒకదాంట్లో పడవ డీజిలు ఉంది. మరొకటి పిల్లలు తెప్పలాగా ఆడుకుంటున్నారు. మొదటిదానితో కలిపి నాలుగు దొరికాయి. మిగిలిన ఏడూ ఇంకా నీళ్లలో ఉన్నాయో, ఏ ఊరి ఒడ్డుకు చేరాయో తెలియదు.

తర్వాతి గుడిసెలో ఒక చిన్న వయసు ఆడమనిషి అదే రకం డబ్బా తెచ్చి చూపింది. అదే మూత, అదే చెవి. లోపల గంజి ఉంది. నాలుగు వైపులా తిప్పి చూశాను. అక్షరం లేదు.

"మీ డబ్బాలకి ఎర్ర రాత ఉందన్నారుగా? దీనికేది? ఇది మా ఆయనకి దొరికింది" అంటూ దాన్ని చంకలో పెట్టుకుంది.

ఏ ఊరి రైతుదో అది. ఎవరూ దాన్ని వెతుక్కుంటూ రారు. మందు డబ్బాలన్నీ ఒకటేనని చెప్పాను. ఆమె వినలేదు. "మీది కానప్పుడు మీకెందుకండీ?" అంది.

"నాదేనమ్మా. రంగు పోయింది" అన్నాను.

ముసలామె నా వైపు ఒకసారి చూసి, పక్క వాకిలి వైపు నడిచింది.

ఆ ఇల్లాలు విసురుగా గంజి పారబోసి డబ్బా నా చేతికిచ్చింది. "ఎంత పొలముందండీ మీకు?"

"నాలుగెకరాలు."

"నాలుగెకరాలకే ఇంత మందా!" అని లోపలికి వెళ్లిపోయింది.

ముసలామె అప్పటికే పక్క వాకిట్లో నిలబడి, త్వరగా రమ్మని చెయ్యి ఊపుతోంది.