నాయనమ్మ కూలదోసిన బతుకమ్మ

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి పక్క వాటాలో గుంటూరు వాళ్లు కిరాయికి ఉండేవారు. వాళ్లమ్మాయిది నా ఈడే. కలిసి బడికి వెళ్లేవాళ్లం, ఒకే జామకాయ కొరుక్కునేవాళ్లం. ఇంతలో అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని ఉద్యమం మొదలైంది. బళ్లు మూతపడ్డాయి. ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలన్న పెద్దవాళ్ల నోటి మాటలు మాకూ అంటుకున్నాయి.

ఆ ఏడు ఆ పిల్ల మాతో బతుకమ్మ ఆడాలని ముచ్చటపడి, ఎవరినీ అడక్కుండా తానే పేర్చుకొచ్చింది. పూల వరుసల మధ్య ఆకులు దట్టించాలని పాపం దానికేం తెలుసు! వాకిట్లో దించగానే పక్కకు ఒరిగింది. అందరూ నవ్వారు. నాకు ఎక్కడలేని పొగరొచ్చింది. కాలితో ఒక్క తన్ను తన్ని, "మీ ఊరికి పో" అన్నాను. పూలన్నీ మట్టిపాలయ్యాయి. ఆ పిల్ల ఏడవలేదు. ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

మా నాయనమ్మ అరుగు మీద నుంచి అంతా చూసింది. ఇంట్లో అందరూ తిడుతుంటే నేను మూల కూర్చుని, "నేనెందుకిట్ల జేసిన" అని ఒకటే ఏడుపు.

"ఎందుకు జేసిన అనుకుంట కూసుంటె సాకులే దొరుకుతయ్. ఇప్పుడేం జెయ్యాలె అని అడుగు," అంది నాయనమ్మ.

మర్నాడు నన్ను మీర్‌పేట్ వైపు తంగేడు పూలకు ఒంటరిగా తోలింది. చేతులు గీరుకుపోయేలా కోసుకొచ్చి, మధ్యాహ్నం దాకా కూర్చుని పేర్చాను. ఇక పైన పసుపు గౌరమ్మను పెట్టడమే తరువాయి అనగా, నాయనమ్మ వచ్చి చేత్తో ఒక్క తోపు తోసింది. నాకు ప్రాణం పోయినట్టయింది.

"ఎట్లుంది?" అంది. అంతే. ఎంత కసాయి ముసలిదో అని పళ్లు నూరుకున్నాను. మళ్లీ పూలేరుకుని మొదటి నుంచి పేర్చాను.

సాయంత్రం అది పట్టుకెళ్లి వాళ్ల తలుపు తట్టాను. ఆ పిల్లే తెరిచింది. బతుకమ్మ వైపు చూడనైనా చూడలేదు. "మా నాన్న లారీ మాట్లాడాడు. రేపు వెళ్లిపోతున్నాం. నువ్వు పొమ్మన్నావుగా," అని తలుపేసేసింది.

వాళ్లు గొడవలకు భయపడి వెళ్లారే, నీ వల్ల కాదని అమ్మ సముదాయించింది. నాయనమ్మ సముదాయించలేదు.

నాకిప్పుడు మనవలున్నారు. నోటి దురుసు ఇంకా పోలేదు. ఎవరినైనా నొప్పిస్తే, ఎందుకన్నానా అని కూర్చుని ఏడవను. ఇప్పుడేం చెయ్యాలని నన్ను నేనే అడుక్కుని, ఆ పూటే వెళ్లి తలుపు తడతాను. మర్నాటి దాకా ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు.