సున్నం కొట్టిన హద్దురాళ్ళు

పక్కింటివాళ్ళు గోడలకు సున్నం కొట్టిస్తున్నారు. తడి సున్నం వాసన కిటికీలోంచి రాగానే పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసనకు అందరికీ పండుగలు గుర్తొస్తాయట. నాకు నర్సింగరావు గారు గుర్తొస్తారు. నాంపల్లిలో, సర్కారు జాగాల్లో బీదవాళ్ళకు తక్కువ కిరాయికిచ్చే ఇళ్ళు కట్టే దఫ్తరులో ఆయన ఇంజనీరు, నేను ఆయన కింద నక్షాలు గీసే కొత్త కుర్రాణ్ణి. గీత వంకరపోతే "ఏందయ్యా, టాంగాల కూసోని గీసినవా?" అనేవారు. తిట్టు అంతటితో సరి. ఆ తర్వాత పక్కన కూర్చుని, పొయ్యి ఎటు పెడితే పొగ బయటికి పోతుందో, వాడిన నీళ్ళు ఎటు పారాలో ఓపిగ్గా చెప్పేవారు. ఆ గీతల మధ్య ఒక మనిషి వంట చేసుకుంటుందని నాకు మొదట చూపించింది ఆయనే.

స్టేషను వెనక, ఆబిడ్స్‌కు నడిచిపోయేంత దూరంలో మా దఫ్తరుకు ఒక ఖాళీ జాగా ఉండేది. దానిమీద ఆయనకు ప్రాణం. దుకాణాలకని, గోదాములకని షావుకార్లు సిఫార్సులు పట్టుకొచ్చేవారు. ఆయన అందరికీ చాయ్ తాగించి మరీ కాదనేవారు. "షహర్ నడుమ జాగ ఒక్కసారి పోయిందంటే బీదోడు ఊరవతల పడతడు. కూలి గీడ, ఇల్లు గాడ అయితే ఎట్ల బతుకుతడు?" అనేవారు నాతో. వానలు వెనకబట్టగానే దాని హద్దురాళ్ళకు సున్నం కొట్టించడం ఆయన ఆనవాయితీ. కూలివాడు రాని ఏడు షేర్వాణీ విప్పి నా చేతికిచ్చి, తానే కుంచె పట్టారు.

మల్లమ్మ పాలమూరు వైపు నుంచి వచ్చింది. భర్త స్టేషనులో మూటలు మోసేవాడు. స్టేషను గోడకు గోనెపట్టాలు కట్టుకుని పిల్లలతో కాపురం ఉండేవారు. ఒక ముసురులో ఆ పట్టాలు నిలవక, మా జాగాలో ఒక మూల గుంజలు పాతారు. రావుగారు పోలీసులను పంపలేదు. నన్ను వెంటబెట్టుకుని తానే వెళ్ళారు.

"సారూ, జర గీ మూలకుంటం. మీరు ఇండ్లు కట్టేనాడు మేమే పీక్కుంటం," అంది మల్లమ్మ.

"నిన్ను ఉండనిస్తే రేపు ఇంకింతమంది వస్తరు. ఇండ్లు కట్టనీకి జాగ యాడుంటదమ్మా? గుడిసె వద్దు. నల్లా ఉన్న పక్కా ఇల్లే ఇప్పిస్త. ఫికర్ చెయ్యకు."

"ఔ సారు. మీరన్నరంటే అయితది."

గుంజలు ఆమే పీకి, మళ్ళీ స్టేషను గోడకే చేరింది. ఆ రోజు నుంచి నక్షాలోని మూలయింటిని మేం మల్లమ్మ ఇల్లనే పిలుచుకున్నాం.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సిమెంటు, ఇనుము దొరకడం గగనమైంది. మట్టిగోడలతోనైనా మొదలుపెడదామా అని ఒకసారి అడిగి చూశాను. "కడితే సక్కగ కడదాం. బీదోడైతే ఏంది, తక్కువ ఇల్లు కట్టియ్యాల్నా?" అన్నారు. మల్లమ్మ ఎదురైనప్పుడల్లా "ఏమాయె సారు?" అని అడిగేది. కొన్నాళ్ళకు అడగడం మానేసి, దండం పెట్టి పోయేది. చివరికి, యుద్ధం ముగియగానే, జాగా దుకాణాలకిమ్మని పైనుంచి హుకుం వచ్చింది. ఖాళీ చేయించడానికి అక్కడ మనిషన్నవాడు లేడు. చకచకా పని అయిపోయింది.

"గుడిసెలుంటే గింత అల్కగ ఇచ్చేటోళ్ళు గాదు. మనమే ఊడ్చిపెట్టినం గదయ్యా," అన్నారు రావుగారు. నాకేసి చూడలేదు.

పునాదులు తవ్వుతున్న రోజుల్లో, సుల్తాన్ బజార్ నుంచి వస్తూ ఇద్దరం అక్కడ ఆగాం. మల్లమ్మ మట్టితట్ట మోస్తోంది. మమ్మల్ని చూసి నవ్వింది కూడా.

"మంచిగున్నరా సారు? మేం ఊరవతలికి పోయినం. పొద్దుగాల్నే నడిసొస్తున్నం. గీడ కూలి దొరికింది."

రావుగారు తట్ట దించడానికి చేతులు చాచారు. "వద్దు సారు, బట్టలు ఖరాబైతయి," అంటూ ఆమె పక్కకు జరిగి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు వానలు వెనకబట్టాక, సున్నం కొట్టించడానికి ఆయనకు హద్దురాళ్ళు లేవు.

తర్వాత నేనూ చాలా బస్తీలకు నక్షాలు గీశాను. ముందు దారి, మురుగు పోయే మోరీ వేయండి, మనుషులను గుడిసెలతోనే దిగనివ్వండి, గోడలు మెల్లగా లేస్తాయని పైవాళ్ళతో పోట్లాడాను. అలా అన్నప్పుడల్లా రావుగారికి ఎదురు చెబుతున్నట్టు బాధగానే ఉండేది. ఏ నక్షా అయినా మూలయింటితోనే మొదలుపెట్టేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే, అది మల్లమ్మదని చెప్పేవాణ్ణి. అన్ని ఇళ్ళు గీశాను, ఒక్కదాంట్లోనూ ఆమె పొయ్యి వెలగలేదు.