చోటు కుదరని వెండెల్

వెండెల్ క్రాట్జ్‌కి ఏ చోటూ కుదరదు. మా కయోటీ వాగు క్యాంపులో ట్రైలర్లు, అంటే ట్రక్కులు లాగే చక్రాల ఇళ్ళు, పెట్టుకోవడానికి నలభై ఎనిమిది చోట్లున్నాయి. నా కళ్ళముందే ఆయన వాటిలో ముప్పై తొమ్మిదింటిలో కాపురం పెట్టి ఎత్తేశాడు. మిగతా తొమ్మిదింటినీ దయతలిచి వదిలేశాడనుకోకండి. వాటిలో అప్పటికే మనుషులున్నారు.

ఆ క్యాంపుకి పెత్తందారుని, కాపలాదారుని, మరుగుదొడ్లు కడిగే మనిషిని, అన్నీ నేనే. పేరు వెర్నా. ఉత్తరాన మంచు మొదలవగానే రిటైరైన వాళ్ళంతా ట్రక్కుల వెనక ట్రైలర్లు తగిలించుకుని మా అరిజోనా ఎడారికి దిగిపోతారు. ఎవరికి ఏ నంబరు చోటిచ్చానో అట్టమీద పెన్సిల్‌తో రాసుకుంటాను. అందరికీ ఒకసారి రాస్తే చలికాలమంతా అదే ఉంటుంది. ఒక్క వెండెల్ పేరు చెరిపి రాసీ చెరిపి రాసీ అట్టకి చిల్లు పడింది.

"మళ్ళీ ఏమొచ్చింది వెండెల్? పన్నెండో నంబర్లో నిక్షేపంగా ఉన్నావుగా?"

"నిక్షేపమా? పొద్దున్నే ఎండంతా ఫ్రిజ్ ఉన్న వైపే కొడుతోంది. వెన్న కారిపోతోంది, తెలుసా?"

"మొన్న ముప్పైలో నీడ ఎక్కువైందని ఏడ్చావు."

"అది సోలార్ బ్యాటరీ సంగతి. ఫ్రిజ్‌కి నీడ కావాలి, బ్యాటరీకి ఎండ కావాలి. రెండూ ఒక ఇంట్లో ఉంటే నన్నేం చెయ్యమంటావు వెర్నా?"

"విడాకులిప్పించు."

ఆయన నవ్వడు. టోపీ తీసి, తల గోక్కుని, "ఇరవై రెండు ఖాళీగా ఉందా?" అంటాడు.

ఒకసారి పక్క ట్రైలర్‌లో ఎవరో గురక పెడుతున్నారని చోటు మార్చాడు. కొత్త చోట్లో పక్కవాళ్ళు గురక పెట్టడం లేదని, ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టడం లేదని మళ్ళీ మార్చాడు. ఇంకోసారి కాక్టస్ మీద పిట్ట తనని అదోలా చూస్తోందన్నాడు. నేను వెళ్ళి చూశాను. పిట్ట నన్నూ అలాగే చూసింది. దాని చూపే అంత.

ఎప్పుడు చోటు మార్చాల్సొస్తుందో తెలియదు కాబట్టి ఆయన ట్రైలర్‌ని ట్రక్కు నుంచి విప్పడు. అందరూ వచ్చిన రోజే కొక్కెం విప్పి, చక్రాల కింద దిమ్మలు పెట్టి, పూలకుండీలు సర్దుకుంటారు. ఆయన ట్రక్కు మాత్రం తాడు కట్టిన గుర్రంలా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మరి ఊళ్ళోకి వెళ్ళాలంటే? దానికో పాత మోటార్‌సైకిల్ ఉంది. ఇరవై మైళ్ళు దాని మీదే పోయి వస్తాడు. బ్యాటరీ చార్జింగుకి తీసుకెళ్ళాలన్నా అంతే, వెనక సీటు మీద పెట్టి బెల్టుతో బిగిస్తాడు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని దానికి తన కోటు కూడా తొడుగుతాడు. మొదటిసారి దూరం నుంచి చూసి, పోన్లే పాపం, డెబ్బై ఒక్కేళ్ళకి మనిషికి తోడు దొరికిందనుకుని రెండు కప్పుల కాఫీ కలిపాను.

చోటు మార్చుకుంటే మార్చుకున్నాడు, చక్కగా పెట్టుకోవడమైనా వచ్చా అంటే అదీ లేదు. ట్రైలర్‌ని రివర్స్‌లో పెట్టడం అందరికీ అబ్బే విద్య కాదు, నిజమే. స్టీరింగ్ ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది, కుడికి తిప్పితే ఎడమకి పోతుంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలు అక్కడ ఒక్క పావుగంటలో మాట్లాడుకోవడం మానేస్తారు. అందుకే మా క్యాంపులో ఎవరైనా ట్రైలర్ వెనక్కి పెడుతున్నారంటే చాలు, జనం మడతకుర్చీలు చంకన పెట్టుకుని వచ్చి వరసగా కూర్చుంటారు. టీవీ సరిగ్గా రాని ఊళ్ళో అంతకు మించిన వినోదం లేదు. రైల్వేలో చేసి రిటైరైన డ్వేన్ వాళ్ళందరికీ నాయకుడు. పాప్‌కార్న్ గిన్నె ఆయన ఒళ్ళోనే ఉంటుంది.

వెండెల్ చోటు మారుస్తున్నాడంటే డ్వేన్‌కి పండగే.

"ఎడమకి తిప్పవయ్యా!"

"కుడికి, కుడికి!"

"రానీ... రానీ... ఆపు! ఆపమంటే!"

వెండెల్ ఎవరి మాటా కాదనడు. అందరి సలహా ఒకేసారి పాటిస్తాడు. ట్రక్కు ఉత్తరాన్ని, ట్రైలర్ దక్షిణాన్ని చూస్తాయి. ఇంతవరకూ మూడు భోజనాల బల్లలు, ఒక నీళ్ళ కుళాయి, నేను చేత్తో రంగులేసిన 'నెమ్మదిగా నడపండి' బోర్డు ఆయన ఖాతాలో పోయాయి. బోర్డుని గుద్దినప్పుడు నిజంగానే నెమ్మదిగా నడుపుతున్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కడుపులు పట్టుకుని నవ్విన జనం తర్వాత వెళ్ళి భుజం తట్టి బీన్స్ కూర, మొక్కజొన్న రొట్టె ఇచ్చి వస్తారు. నేను మాత్రం తిట్టేదాన్ని. విరిగిన బల్లలకి మేకులు కొట్టేది నేనే కదా.

మొన్న జనవరిలో నెబ్రాస్కా నుంచి మేవిస్ ట్రూడెల్ అనే ఆవిడ ఫోన్ చేసింది. గొంతు సన్నగా ఉంది.

"తేలిగ్గా పెట్టుకునే చోటేమైనా ఉందా అండీ? నేనొక్కదాన్నే వస్తున్నాను."

"తేలికైనవన్నీ నిండిపోయాయి తల్లీ, ఉన్నవాటిలో ఇరవై ఏడే నయం. ఒక పక్క బండరాయి, ఇంకో పక్క చెట్టు. ఇంతకు ముందు నడిపావా?"

"మా ఆయన నడిపేవాడు. నేను వెనక నుంచుని రానీ రానీ అనేదాన్ని. పోయిన వసంతంలో ఆయన పోయాడు."

అలా మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. మరిది క్లేటన్ ట్రైలర్‌ని అమ్మెయ్యమంటున్నాడట. కొనేవాణ్ణి కూడా చూసి పెట్టాడట. ఈవిడని తీసుకెళ్ళి తన ఇంటి కింది గదిలో పెట్టుకుంటాడట. మంచివాడే, కానీ ఆ గదికి కిటికీ లేదట. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ట్రైలర్‌ని ఈవిడే లాక్కొచ్చి, ఎవరి చెయ్యీ పడకుండా తన చోట్లో తనే పెట్టుకుంటే ట్రైలర్ ఆవిడది. లేకపోతే అమ్మకమే. చూడటానికి క్లేటన్ వెనక కార్లో వస్తాడు. 

ఆ పూటే వెండెల్ చోటు మార్చమని వచ్చాడు. నా కడుపులో మాట ఆగదు, మేవిస్ సంగతంతా చెప్పాను.

"ఏ రోజొస్తుంది?" అన్నాడు.

"గురువారం."

"ఇరవై ఏడుకి ఎదురుగా ముప్పై ఒకటి ఖాళీగా ఉందా? అక్కడ గాలి బాగుంటుంది," అన్నాడు. ఒక మనిషి బతుకు గురించి చెబుతుంటే గాలి గురించి మాట్లాడతాడేమిటి అని నాకు ఒళ్ళు మండింది. అయినా అట్టమీద చెరిపి ముప్పై ఒకటి రాశాను.

మేవిస్ గురువారం కాదు, బుధవారమే వచ్చేసింది. భయపడ్డవాళ్ళు దారిలో ఎక్కడా ఆగరు. ఆ సమయానికి వెండెల్ బ్యాటరీకి కోటు తొడిగి ఊళ్ళోకెళ్ళాడు.

ట్రైలర్ గేటు దాటిందో లేదో, కుర్చీలు దిగాయి. "పన్లు లేవా మీకు? పొండి!" అని చీపురెత్తాను. డ్వేన్ నాకో కుర్చీ వేశాడు.

మొదటిసారి ట్రైలర్ చెట్టు మీదికి పోయింది. రెండోసారి బండరాయి మీదికి పోయింది. మూడోసారి భోజనాల బల్ల ఫెళ్ళుమంది. జనం గొల్లుమన్నారు. చెడ్డవాళ్ళు కాదు, వెండెల్‌ని చూసి నవ్వి నవ్వి అలవాటైపోయింది. మేవిస్ స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తోంది. చూడాల్సింది వెనక్కి. కళ్ళు తుడుచుకుంటోందని నాకర్థమైంది. సాయం చేద్దామంటే ఒప్పందం పోతుంది.

క్లేటన్ కారు దిగి దగ్గరికెళ్ళాడు. "చాలు వదినా. నలుగురిలో నవ్వులపాలు ఎందుకు? దిగు, నేను పెడతాను. రేపు ఆ కొనేవాడికి ఫోన్ చేద్దాం."

"ఇంకొక్కసారి, క్లేటన్."

"ఒక్కసారే."

అప్పుడు మోటార్‌సైకిల్ వచ్చింది. వెండెల్ కుర్చీల వైపు చూశాడు, మేవిస్ వైపు చూశాడు. బండిని నా ముందే స్టాండేసి, బ్యాటరీని దాని మీదే వదిలేసి, కేకలు పెడుతూ పరుగెత్తాడు.

"వెర్నా! ఈ ముప్పై ఒకటిలో క్షణం ఉండలేను! చీమలు!"

"ఇప్పుడా? నీకు బుద్ధుందా?"

"ఇప్పుడే! కుట్టి చంపుతున్నాయి!"

నిమిషంలో ట్రక్కు గర్జించింది. ట్రైలర్ మెట్లు మడవలేదు. ముందున్న పందిరిగుడ్డ చుట్టలేదు. బట్టల తాడు విప్పలేదు. మెట్లు నేలని గీరుకుంటూ, పందిరి రెపరెపలాడుతూ, రెండు చడ్డీలు, ఒక బనీను జెండాల్లా ఎగురుతూ వెండెల్ ఊరేగింపు రోడ్డెక్కింది. డ్వేన్ "ఓరి నాయనో!" అని లేచాడు. ఇరవై కుర్చీలూ ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరిగాయి. మేవిస్‌కి వాళ్ళ వీపులే మిగిలాయి.

వెండెల్ రోడ్డుకి అడ్డంగా ఇరుక్కుని కిటికీలోంచి తల బయటపెట్టి అరవడం మొదలుపెట్టాడు.

"ఏంటీ? స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకోవాలా? ట్రైలర్ ఎటు పోవాలంటే చెయ్యి అటే జరపాలా? ఎవరయ్యా ఈ తిక్క సలహా ఇచ్చింది?"

ఎవరూ ఇవ్వలేదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొంచెం కొంచెంగానా? వంకర పోతే ముందుకొచ్చి మళ్ళీ మొదలెట్టాలా? సిగ్గుపడక్కర్లేదా? చాల్లెండి, మీరూ మీ సలహాలూ!"

నేను వెనక్కి తిరిగి చూశాను. మేవిస్ చేతులు స్టీరింగ్ పైనుంచి కిందికి జారాయి. ట్రైలర్ కదిలింది. వంకర పోయింది. ఆగింది. ముందుకొచ్చింది. మళ్ళీ వెనక్కి జరిగింది, మెల్లగా, బండరాయికీ చెట్టుకీ మధ్యకి. తిన్నగా వెళ్ళి కూర్చుంది.

ఇటు చూస్తే వెండెల్ కళ్ళు తన అద్దంలో ఉన్నాయి. ఆ అద్దంలో ఉన్నది తన ట్రైలర్ కాదు, మేవిస్ ట్రైలర్. అది ఆగడం చూశాడు, ఒంటి చేత్తో స్టీరింగ్ ఒక్క తిప్పు తిప్పాడు. చడ్డీలతో సహా ట్రైలరంతా వెన్నలోకి కత్తి దిగినట్టు మళ్ళీ ముప్పై ఒకటిలోకే దిగిపోయింది. "అదృష్టం చూడు వీడిది!" అన్నాడు డ్వేన్.

నాకు మాత్రం బుర్ర తిరిగిపోయింది. పదకొండేళ్ళ కిందట నేనీ క్యాంపుకి వచ్చిన మొదటి రోజు, రెండు చెట్ల మధ్య నా ట్రైలర్‌ని ఏ నవ్వులూ లేకుండా పెట్టుకున్నాను. పక్క వరసలో ఈ తలతిక్క మనిషే కుళాయి విరగ్గొట్టి అందరినీ తడుపుతుంటే జనమంతా అటే చూస్తున్నారు. ఆ ప్రతాపమంతా నాదేనని పదకొండేళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆ ముసలాణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది.

దగ్గరికెళ్ళి, "రిటైరవక ముందు నువ్వేం పని చేసేవాడివి?" అన్నాను.

"పెద్ద లారీలు నడిపేవాణ్ణి. రెండేసి ట్రైలర్లు తగిలించి. ముప్పై నాలుగేళ్ళు," అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "నోరు జారావంటే రేపు పన్నెండులోకి వచ్చేస్తాను," అన్నాడు.

ఇంతలో అటు గొడవ మొదలైంది.

"ఎవరు పెట్టారిది?" అంటున్నాడు క్లేటన్.

"నేనే."

"నేను చూడలేదు వదినా! నేనా చడ్డీల ఊరేగింపే చూస్తున్నాను. ఎవరో సాయం చేసుంటారు."

"ఎవరూ చెయ్యలేదు, నేను చూశాను," అన్నాను.

"మీరు ఆవిడ పక్షమే కదండీ."

నా చేతిలో చీపురుంది. కానీ అంతకు ముందే మేవిస్ కదిలింది. మళ్ళీ ట్రక్కెక్కి, కష్టపడి లోపల పెట్టుకున్న ట్రైలర్‌ని మొత్తం రోడ్డు మీదికి లాగేసింది. "ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని చూడు," అంది.

కుర్చీలన్నీ మళ్ళీ ఇటు తిరిగాయి. "వెండెల్! పోనివ్వు నీ ట్రక్కుని! చీమలు, చీమలు!" అని చెవిలో గొణిగాను.

"అక్కర్లేదు," అని డ్వేన్ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుని గిన్నెలోంచి పాప్‌కార్న్ తీసుకున్నాడు. ఆయన కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదలు.

మేవిస్ మొదటిసారి బండరాయి వైపు పోయింది. జనం నవ్వారు. ఆవిడా నవ్వింది. ముందుకొచ్చింది, మళ్ళీ వెనక్కెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. మూడోసారికి ట్రైలర్ లోపలికెళ్ళి ఆగింది. చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది క్లేటనే. తర్వాత దూరంగా వెళ్ళి ఫోన్ తీసి, "లేదండీ, అమ్మడం లేదు. మా వదినకే కావాలి," అన్నాడు.

వెండెల్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. తల పక్కకి వంచి చూసి, "వెనక కుడి చక్రం జానెడు బయటికొచ్చింది," అన్నాడు.

"నోర్ముయ్యవయ్యా!" అన్నాడు డ్వేన్. "రివర్స్ గురించి నువ్వా మాట్లాడేది!" జనమంతా ఒకటే నవ్వు. వెండెల్ టోపీ తీసి తల గోక్కుని, "అదీ నిజమే," అన్నాడు.

మేవిస్ నవ్వలేదు. ట్రక్కు దిగి తిన్నగా ఆయన దగ్గరికొచ్చి, "జానెడేనా? ఎక్కువుందా?" అని అడిగింది. జానెడే అని ఆయన వేళ్ళు చాపి చూపించాడు. ఆవిడ బుద్ధిగా తలూపి, సరిచేసుకోవడానికి మళ్ళీ ట్రక్కెక్కింది.