తురాయి మొదట్లో చెక్క గొడుగు

నా చిన్నప్పుడు నాకున్న స్థిరాస్తి ఒక ఉయ్యాల. విశాఖ పోర్టు క్వార్టర్స్‌లో, మా ఇంటికీ పక్కింటి అక్క వంటింటికీ మధ్యనున్న తురాయి చెట్టుకు వేలాడేది.

ఒక వానాకాలం ఆ చెట్టు మొదట్లో అరచేతి వెడల్పున పుట్టగొడుగొకటి మొలిచింది. ఎర్రటి గోధుమరంగు, పైన వార్నిష్ పూసినట్టు మెరుపు. అంతకుముందు ఏడాది వీధి చివరి చెట్టుకి ఇలాంటిదే వస్తే, మా తాతయ్య చూసి చెప్పగానే ఆ చెట్టు కొట్టేశారు. నేను తెలివైనదాన్ని కనుక, దీన్ని అట్లకాడతో పెళ్లగించి పుస్తకాల సంచిలో దాచేశాను. చెట్టుకు జబ్బు నయమైపోయిందని నా నమ్మకం.

తాతయ్య పోర్టు రైల్వేలో వ్యాగన్ల చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టే పనిచేసి రిటైరయ్యారు. చెట్టు మీది కొత్త గాటు ఆయన కంటపడడానికి ఒక పూట పట్టింది. అక్కణ్ణించి నా సంచి దాకా రావడానికి అంత కూడా పట్టలేదు.

"ఏటే గుంటా, సంచిలో ఏటది?"

"పుట్టగొడుగు తాతా. కూరొండుకుందామని."

"వండు. నీ మనవల పెళ్లినాటికి ఉడుకుతాది."

తిట్టలేదు. దాన్ని తిరగేసి నా చేతిలో పెట్టారు. "మామూలు గొడుక్కి కింద మడతలుంటాయి. దీనికి సూడు, సూదితో పొడిసినట్టు బెజ్జాలు. ఒళ్లంతా సెక్క. ఇది సెట్టుని లోపల తినేసి, మూతి తుడుసుకోడానికి బయటికొస్తాది."

తరవాత తన పాత సుత్తి ఇచ్చి తట్టమన్నారు. మా వైపు తడితే గట్టిగానే పలికింది. అక్క వంటింటి వైపు తడితే ఖాళీ డబ్బా మోత వచ్చింది. గోడకవతల అక్క పోపు వేస్తోంది, చంటిపిల్ల ఏడుస్తోంది.

"ఏటి సేద్దాం? నువ్వే సెప్పు," అన్నారు తాతయ్య.

చాలాసేపు తాడు వైపు చూశాను. ఆఖరికి ఉయ్యాల ముడి నేనే విప్పాను. వారంలో చెట్టు కొట్టారు. మొద్దు లోపల నేను కాళ్లు ముడుచుకుని కూర్చునేంత చోటుంది. కూర్చుని చూశాను కూడా.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. ఏ చెట్టు కింద నిలబడ్డా ముందు దాని మొదలు చూస్తాను. మొన్న గుండెల్లో బరువుగా ఉంటే, పిల్లలతో గ్యాసేనని చెప్పబోయాను. అట్లకాడ గుర్తొచ్చింది. ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా వీపు మీద వేళ్లతో తట్టి, తల వంచి విన్నాడు.

మోత బాగానే ఉందట.